నలభై ఒకటో నంబరు చింతపండు

కోతపండుగ వేలానికి వచ్చిన వస్తువులన్నిటికీ నంబరు చీటీలు రాసింది నేనే. మాట్లాడమంటే మాట్లాడను గానీ రాయమంటే గుండ్రంగా రాస్తానని, మేబెల్ పెద్దమ్మ ఆ పని నాకు ఇప్పించింది. చర్చి వెనక గదిలో నేను కూర్చున్నాను. వరండాలో బల్లల దగ్గర నిలబడి సంఘం సెక్రటరీ సైలస్ అన్న గట్టిగా చదువుతుంటే నేను రాసుకుంటూ పోయాను. ఒకటి, గుమ్మడికాయ. రెండు, ములక్కాడల కట్ట. మూడు, నాటుకోడి. నలభై ఒకటి, చింతపండు, జాడీతో సహా.

నలభై ఒకటి రాసేటప్పుడు నా చెయ్యి కాస్తయినా వణకలేదు. వణకాల్సింది.

కోతపండుగ తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఏడాదికోసారి ప్రతి ఇంటి నుంచి పంటో, కూరో, కోడో, చేత్తో చేసిన వంటకమో ఏదో ఒకటి చర్చికి తెచ్చి దేవుని ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. ఇరవై రూపాయల సొరకాయని రెండు వందలకి పాడుకుని మురిసిపోతారు. ఆ డబ్బు సంఘానికి. ఎక్కడా రాసిలేని రూలు ఒకటుంది. మనింటి నుంచి ఇచ్చింది మనం పాడకూడదు. దేవునికిచ్చి వెనక్కి లాక్కున్నారని ఏడాదంతా చెప్పుకుంటారు.

మాది పాలకొల్లు పక్కన ఒక పల్లెటూరు. అక్కడి బడిలో పదో తరగతి అయ్యాక, పిల్లలు లేని పెద్దమ్మ నన్ను అల్వాల్‌లో తన ఇంటికి తెచ్చుకుని ఇంటర్‌లో చేర్పించింది. ఇప్పుడు రెండో సంవత్సరం. కాలేజీలో హాజరు వేసేటప్పుడు "షెకీనా" అంటే అందరిలా పలకకుండా చెయ్యి ఎత్తుతాను. మొదట్లో లెక్చరర్ గారు తిట్టారు. తర్వాత నా పేరు రాగానే ఆయనే తలెత్తి నా చెయ్యి కోసం వెతకడం అలవాటు చేసుకున్నారు. పగలంతా నోట్లో ఆగిపోయిన మాటలు సాయంత్రం డైరీలో పోస్తాను. అందులో సగం పేజీలు పెద్దమ్మ, పెదనాన్నల బంగారం గొడవే.

పెదనాన్న పేరు డేవిడ్ రాజు. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పెద్దమ్మ బళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. పొద్దున ఇడ్లీ పళ్ళెం ముందు ఇద్దరికీ మొదలయ్యేది.

"కోడి గుడ్డు పెడుతుంది. డిపాజిట్ వడ్డీ పెడుతుంది. బంగారం ఏం పెడుతుంది మేబెల్? బీరువాలో పడి నిద్రపోతుంది."

"పోనివ్వండి. నిద్రలోనే లావవుతోంది కదా."

"ఎందుకు లావవుతోందో తెలుసా నీకు?"

"తెలుసు. మీ కోడి ఈమధ్య గుడ్లు తగ్గించింది. పెట్టిన గుడ్డుకి బజార్లో విలువ తగ్గింది. మీ వడ్డీ పెరిగే లోపల షెకీనా కాలేజీ ఫీజు రెండుసార్లు పెరిగింది. వడ్డీ తీసుకుని నేను నష్టపోయానా, లాభపడ్డానా? మీరే చెప్పండి, బ్యాంకు వారు."

పెదనాన్న చట్నీలో వేలు పెట్టి లెక్క వేసి, లెక్క నచ్చక నాకేసేవారు. "అది సరే. ఈ దేశాలన్నీ తలకి మించి అప్పులు చేశాయి, ఆ అప్పు తీర్చడానికి నోట్లు గుద్ది పారేస్తారేమోనని జనం భయపడుతున్నారు. అందుకే బంగారం ఎగబడి కొంటున్నారు. భయం మీద పెరిగింది భయం తగ్గితే పడిపోతుంది."

"జనమే కాదు. ఆ దేశాల పెద్ద బ్యాంకులు కూడా టన్నులకొద్దీ కొని దాచుకుంటున్నాయని మొన్న పేపర్లో మీరే చదివి వినిపించారు. వాళ్ళకో రూలు, మేబెల్‌కో రూలా?"

"వడ్డీ రేట్లు మళ్ళీ పెరగనీ! బంగారం వదిలేసి బ్యాంకుకి పరిగెత్తుకొస్తారు. షెకీనా, రాసి పెట్టుకో."

నేను నిజంగానే రాసి పెట్టుకున్నాను, తేదీతో సహా.

పెదనాన్నకి తెలియనిది కూడా ఒకటి రాసుకున్నాను. ఫిబ్రవరిలో పెద్దమ్మ పేరు మీదున్న మూడు లక్షల డిపాజిట్ గడువు తీరింది. అది ఆమె టీచరు ఉద్యోగంలో మిగిల్చిన సొమ్ము. నా డిగ్రీ చదువుకని పక్కన పెట్టింది. "మళ్ళీ అక్కడే వేసెయ్" అన్నారు పెదనాన్న. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది, గోడ మీద తగ్గించి రాసిన కొత్త వడ్డీ చూసింది, డబ్బు తీసుకుని తిన్నగా జనరల్ బజార్ నగల కొట్టుకి వెళ్ళింది. నాలుగు కాసుల గొలుసు కొంది. కూలీ, పన్ను కలుపుకుని రెండు లక్షల తొంభై వేలు.

"ఇదేనే నీ బీకాం" అంది, గొలుసు నా అరచేతిలో పెట్టి. "మెళ్ళో వెయ్యకు, నోటితో అనకు."

నోటితో అనకుండా ఉండడంలో నన్ను మించినవాళ్ళు ఎవరు? ఆ గొలుసుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వంటింట్లో చింతపండు జాడీ అడుగున పెట్టింది పెద్దమ్మ. అది వాళ్ళ అత్తగారి నాటి జాడీ. పైన గోధుమరంగు, కింద తెలుపు, మెడ దగ్గర చిన్న నీలిరంగు పువ్వు. పెదనాన్నకి పులుపు పడదు కాబట్టి ఆయన చెయ్యి ఆ జాడీలోకి ఎప్పుడూ వెళ్ళదు. పెద్దమ్మ లెక్క అది. చెయ్యి వెళ్ళదు సరే, జాడీయే వెళ్ళిపోతుందని ఆమె అనుకోలేదు.

పండుగ రోజు పెద్దమ్మకి టీ కౌంటరు డ్యూటీ. మేమిద్దరం పొద్దున్నే రాంగోపాల్‌పేటలోని చర్చికి వచ్చేశాం. "మనింటి తరఫున ఏదో ఒకటి తెండి" అని పెదనాన్నకి చెప్పి వచ్చింది. ఆరాధన అయ్యాక టీ గ్లాసులు తుడుస్తూ అర్పణల బల్ల వైపు చూసింది. చూసి, తుడిచిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ తుడవసాగింది.

"షెకీ. ఆ చివర్న ఉన్నది ఏంటే?"

నేను చూశాను. నీలిరంగు పువ్వు. మెడకి ఎర్రదారంతో నా చీటీ. నలభై ఒకటి.

అప్పుడే పెదనాన్న తెల్లచొక్కాలో మెరిసిపోతూ వచ్చారు. "చూశావా మేబెల్? కొత్త చింతపండు, మూడు కిలోలుంటుంది. జాడీతో సహా ఇచ్చేశాను. ఇస్తే అలా ఇవ్వాలి."

"చాలా బాగా ఇచ్చారండీ" అంది పెద్దమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆయన వెళ్ళగానే ఒక గుడ్డ తీసుకుని, బల్ల తుడిచే వంకతో జాడీ దగ్గరికి వెళ్ళింది. అప్పటికే అక్కడ ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బొల్లారంలో ఉండే ఆషర్ అంకుల్. మిలిటరీలో చేసి వచ్చాడు, ఇంటినిండా పాత పింగాణీ జాడీలు పోగేస్తాడని అందరికీ తెలుసు. మా జాడీ పొట్ట మీద చెయ్యి వేసి పసిపిల్లని జోకొట్టినట్టు కొడుతున్నాడు.

"ఏం జాడీ తల్లీ ఇది! గిట్లాంటిది దొరుకతదా ఇప్పుడు? మేబెలమ్మా, ఫికర్ చెయ్యకు. ఇది నేనే పాడుకుంటా."

పెద్దమ్మ తుడవడానికి ఏమీ లేని బల్లని తుడిచి వెనక్కి వచ్చింది. నా చేతిలో ఒక కట్ట పెట్టింది. నూట యాభై కూపన్లు.

"నేను పాడితే మీ పెదనాన్న ఎందుకని అడుగుతారు. ఊరంతా మాట అంటారు. నువ్వు పల్లెటూరి నుంచి వచ్చిన పిల్లవి, రూలు తెలియదనుకుంటారు. నువ్వే పాడాలి."

"నేనా?" అన్నాను. అది కూడా నాకే వినిపించలేదు.

"నోరు తెరవక్కర్లేదే. చెయ్యి ఎత్తు. కాలేజీలో ఎత్తుతావు కదా."

కూపన్ల సంగతి చెప్పాలి. చిల్లర గొడవ లేకుండా ఈసారి వేలమంతా పది రూపాయల కూపన్లతోనే అని కమిటీ నిర్ణయించింది. గులాబీ రంగు కాగితం, పైన సైలస్ అన్న సంతకం. డబ్బిచ్చి కూపన్లు కొనుక్కోవాలి. అంతవరకు బాగానే ఉంది. అయితే మా కమిటీకి చర్చి ప్రహరీగోడ అప్పు మూడేళ్ళుగా ఉంది. డబ్బు పెట్టెలో ఏమీ లేదు. పొద్దున షామియానా అతను డబ్బడిగితే సైలస్ అన్న కూపన్లు ఇచ్చాడు. మైకు అతనికీ కూపన్లే. భోజనం పళ్ళేలు తెచ్చినవాళ్ళకీ, పాటలు పాడిన క్వయర్ వాళ్ళకి బహుమతిగానూ కూపన్లే. కట్ట అయిపోతే ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి ఒక కాగితం తీసుకుని పరిగెత్తాడు.

"పింక్ కాగితం ఉన్నంతసేపు మనకు పైసల తక్లీఫే లేదు!" అన్నాడు, తిరిగొచ్చి.

వేలం షురూ అయింది. గుమ్మడికాయ నూట ఇరవైకి పోయింది. ములక్కాడలు నూట యాభై. నాటుకోడిని షామియానా అతనే మూడు వందల యాభైకి పాడుకుని, చంకలో పెట్టుకుని మళ్ళీ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. "ఏందన్నా, గింతేనా? జెర పెంచుండ్రి, దేవుని పని!" అని సైలస్ అన్న మైకులో అరుస్తున్నాడు. తొమ్మిదో నంబరు పొట్లకాయ మూడు వందలు. అందరూ పకపకా నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. అందరి చేతుల్లోనూ గులాబీ కట్టలు.

పదిహేనో నంబరు కరివేపాకు కట్ట. కూరగాయలు కొంటే ఊరికే చేతిలో పెట్టే కరివేపాకు. రెండు వందల యాభై రూపాయలకి పోయింది!

అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్ళంతా ఝల్లుమంది. కరివేపాకు మారలేదు. కొనేవాళ్ళూ మారలేదు. కాగితాలు పెరిగాయి, అంతే. నా ఒళ్ళో ఉన్న నూట యాభై కూపన్లు పొద్దున జాడీకి సరిపోయేవి. నలభై ఒకటో నంబరు వచ్చేసరికి వీటికి కరివేపాకు కూడా రాకపోవచ్చు. ఎండలో పెట్టిన ఐసుముక్కలా నా బీకాం కరిగిపోతోంది. జిరాక్స్ తీయలేని వస్తువు ఏదైనా కొనెయ్యాలి. ఇప్పుడే.

"పదిహేడు!" అన్నాడు సైలస్ అన్న. "విమలమ్మగారి ఆవకాయ!"

ఆవరణంతా ఒక్కసారి "ఆఁ" అంది. విమలమ్మగారికి ఎనభై రెండేళ్ళు. ప్రతి వేసవిలో ఆమె పెట్టే ఆవకాయ కోసం జనం కాచుకుని ఉంటారు. వేలానికి మాత్రం ఏడాదికి ఒకటే జాడీ ఇస్తుంది. బతిమాలినా రెండోది ఇవ్వదు.

నా చెయ్యి లేచింది. నేను ఎత్తానో, అదే లేచిందో తెలియదు. నాలుగు వందలు. ఐదు వందలు. ప్రతిసారీ నా చెయ్యి. ఏడు వందల దగ్గర అందరూ ఆగారు. "తెల్ల చున్నీ పాపకు ఆవకాయ!" అని సైలస్ అన్న అరిచాడు. జాడీ నా ఒళ్ళోకి వచ్చింది.

టీ కౌంటరు నుంచి పెద్దమ్మ గరిట పట్టుకునే వచ్చేసింది. "నీకు చెప్పిందేంటి, నువ్వు కొన్నదేంటి? ఆ జాడీకీ ఈ జాడీకీ తేడా తెలియదటే నీకు?"

"పెద్దమ్మా," అని నేను ఆమె చెవిలో చెప్పాను, "నేను బంగారం కొన్నాను."

ఆమె నా నుదురు మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూసింది.

ఇరవై ఐదో నంబరు కోడిగుడ్లు, డజను తొమ్మిది వందలకి పోయాయి. ఇరవై ఎనిమిదో నంబరు అరటిగెల పధ్నాలుగు వందలు. క్వయర్‌లో పాడే ఒక ఆంటీ నా పక్కన వచ్చి కూర్చుని, "ఆ ఆవకాయ ఇస్తావా అమ్మా? పన్నెండు వందలిస్తాను" అంది. నేను తల అడ్డంగా ఊపాను. మైకు అతను పదహారు వందలన్నాడు. మళ్ళీ ఊపాను. క్వయర్ ఆంటీ తిరిగొచ్చి రెండు వేలంది! నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తోంది. కాళ్ళు నేలమీద ఆనడం లేదు. జీవితంలో మొదటిసారి ఇంతమంది నాతో మాట్లాడుతున్నారు, నేను ఒక్క మాట కూడా అనకుండా వ్యాపారం చేస్తున్నాను. పెద్దమ్మ కౌంటరు నుంచి కన్నుకొట్టింది. ఇంకో పది నంబర్లు ఆగుదాం, మూడు వేలవుతుంది అనుకున్నాను.

అప్పుడు పెదనాన్న లేచి మైకు దగ్గరికి నడిచారు.

కమిటీలో ఆయనా ఒకరే. ముప్ఫై నాలుగేళ్ళ బ్యాంకు ఉద్యోగం ఆయన్ని ఇక కూర్చోనివ్వలేదు. "సైలస్, ఇదేం లెక్కయ్యా? కొత్త కూపన్లు బంద్. ఆ కాగితం ఇటు ఇవ్వు" అని గులాబీ కాగితాల కట్ట లాక్కుని చంకలో పెట్టుకున్నారు. తర్వాత మైకులో, "అందరికీ వందనాలు. ఇవాళ ఖర్చు పెట్టకుండా కూపన్లు కమిటీ దగ్గర దాచుకున్నవారికి, క్రిస్మస్ సంతలో పది కూపన్లకి పన్నెండు ఇస్తాం" అన్నారు.

పదికి పన్నెండు! జనం ఒక్కసారిగా లేచారు. కమిటీ బల్ల ముందు వరస కట్టారు. షామియానా అతను కోడితో సహా వరసలో నిలబడ్డాడు. నేను క్వయర్ ఆంటీ కోసం వెతికాను. ఆమె కూడా వరసలోనే ఉంది.

వెళ్ళి ఆమె ముందు ఆవకాయ జాడీ పట్టుకుని నిలబడ్డాను.

"ఇప్పుడొద్దమ్మా" అంది. "ఊరికే పెట్టుకుంటే పదికి రెండు వస్తున్నాయి. ఆవకాయ పెట్టుకుంటే ఏమొస్తుంది? కావాలంటే ఐదు వందలకివ్వు."

ఎవరు రాసి పెట్టుకోమన్నారో, ఎవరు రాసి పెట్టుకున్నారో తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పెదనాన్న వడ్డీ పెంచారు. నా బంగారం పడిపోయింది.

అయితే ముప్ఫై ఎనిమిదో నంబరు పెద్ద కంద, రెండు వందలకే పోయింది. ముప్ఫై తొమ్మిది, బెల్లం దిమ్మ, నూట డెబ్భై. చేతుల్లో కాగితాలు తగ్గేసరికి ధరలు కూడా దిగొచ్చాయి. నా దగ్గర ఇంకా ఎనభై కూపన్లున్నాయి. ఎనిమిది వందలు. అవి మళ్ళీ డబ్బులా కనిపించాయి నాకు! గబగబా వచ్చి కూర్చున్నాను.

"నలభై ఒకటి! చింతపండు, జాడీతో సహా! వంద రూపాయలతోని షురూ!"

నా చెయ్యి, ఆషర్ అంకుల్ చెయ్యి ఒకేసారి లేచాయి. ఆయన చేతిలో కూపన్ల కట్ట అలాగే ఉంది.

"ఏందన్నా, నువ్వు దాచలేదా?" అన్నాడు సైలస్ అన్న.

"గోడ అప్పే మూడేండ్లసంది తీరలే. క్రిస్మస్‌కు పన్నెండు యాడికెల్లి ఇస్తరు మీరు? నాకు కాగితం వద్దు, జాడీ గావాలె. రెండు వందలు!"

మూడు వందలు, నా చెయ్యి. నాలుగు, ఆయన. ఐదు, నేను. ఆరు, ఆయన. ఏడు వందలకి నా చెయ్యి లేచేసరికి చంకలో చెమట పట్టింది. ఆయన ఏడు యాభై అన్నాడు. నేను ఎనిమిది వందలకి ఎత్తాను. అదే ఆఖరు.

"ఎనిమిదిన్నర" అన్నాడు ఆషర్ అంకుల్, జాడీని జోకొడుతూ.

"ఎనిమిది వందల యాభై ఒకటోసారి!" టీ కౌంటరు దగ్గర పెద్దమ్మ గ్లాసు పక్కన టీ పోస్తోంది. టీ బల్ల మీద నుంచి చీర మీదకి కారుతున్నా చూసుకోవడం లేదు. "రెండోసారి!"

"ఆవకాయ!"

ఎవరో అరిచారు. అందరూ నా వైపు తిరిగితే తెలిసింది, అరిచింది నేనని.

"ఏందమ్మా?" అన్నాడు సైలస్ అన్న.

లేచి నిలబడ్డాను. "ఎనిమిది వందలు. దాని మీద... ఆవకాయ జాడీ."

"కూపన్లతోనే పాడాలె గదమ్మా. ఊరగాయలు నడువయ్."

"ఎందుకు నడవదురా?" ముందు వరసలోంచి విమలమ్మగారు చేతికర్ర నేలకేసి కొట్టింది. "నీ కాగితాన్ని పొద్దుటి నుంచి జిరాక్స్ తీస్తూనే ఉన్నావు. నా ఆవకాయని తియ్యి చూద్దాం!"

ఆవరణంతా గొల్లుమంది. సైలస్ అన్న తల గోక్కున్నాడు. ఆషర్ అంకుల్ కూడా నవ్వాడు. నా వైపు చూసి ఆయనకి జాలేసినట్టుంది.

"గంత లొల్లి ఎందుకు బిడ్డా? నీకు చింతపండు గావాలె, నాకు జాడీ గావాలె. చింతపండు నువ్వే తీస్కపో. ఖాళీ జాడీ నాకు చాలు." అని ఒక న్యూస్‌పేపరు పరిచాడు. ఎర్రదారం విప్పాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఆయన నిలబడింది మైకు పక్కనే. ఆపడానికి నేను పరిగెత్తింది కూడా అక్కడికే. అందుకే "చెయ్యి పెట్టకండి!" అని నేనరిచిన అరుపు షామియానా పైన ఉన్న రెండు స్పీకర్లలోంచీ వచ్చి రోడ్డు దాటింది. జిరాక్స్ షాపతను బయటికొచ్చి చూశాడు.

"ఎందుకమ్మా?" అన్నారు పెదనాన్న, కమిటీ బల్ల దగ్గర నుంచి.

అబద్ధం చెప్పడానికి కూడా అలవాటుండాలి. నాకు మాట్లాడడమే అలవాటు లేదు.

"అందులో నా బీకాం ఉంది" అన్నాను. అది కూడా స్పీకర్లలోంచి వచ్చింది.

పెదనాన్న వచ్చి, పులుపంటే పడని ఆ చేతిని మోచేతి దాకా జాడీలో పెట్టారు. కాసేపు కెలికారు. ప్లాస్టిక్ సంచి పైకి వచ్చింది. సంచి ఎప్పుడో చిరిగినట్టుంది, గొలుసంతా చింతపండు గుజ్జు. వేళ్ళతో తుడిస్తే ఎండకి తళతళమని మెరిసింది. చింతపండుతో తోమినట్టే ఉంది మరి.

"అన్నా," అన్నాడు సైలస్ అన్న మెల్లగా, "బల్ల మీదికొచ్చినంక అది దేవునిదే గదా?"

ఆ గోడ అప్పంతా ఆయన కళ్ళలో కనిపించింది నాకు. పెద్దమ్మ టీ కెటిల్ పట్టుకునే వచ్చి నిలబడింది.

"చీటీ మీద ఏం రాసుందో చదవరా" అంది విమలమ్మగారు.

"చింతపండు, జాడీతో సహా."

"గొలుసని ఉందా?"

సైలస్ అన్న చీటీ తిప్పి వెనకవైపు కూడా చూశాడు. "లేదమ్మా."

"ఇచ్చింది ఏదో అదే అర్పణ. తెలియకుండా పోయింది అర్పణ ఎట్లా అవుతుంది? పిల్లది గుండ్రంగా రాసింది, చదవడం రాదా నీకు?"

పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, అవునన్నట్టు తలూపారు. నాకు అక్కడే గెంతాలనిపించింది.

"మేబెల్," అన్నారు పెదనాన్న. "డిపాజిట్?"

"ఇదే."

"వడ్డీ?"

"చేతిలో పట్టుకుని అడుగుతారేంటండీ?"

పెదనాన్న నా పెన్ను అడిగి, ఒక కూపన్ వెనక లెక్క వేశారు. నేను భుజం మీద నుంచి చూశాను. బ్యాంకులో ఉంచితే తొమ్మిది నెలలకి వచ్చే వడ్డీ పధ్నాలుగు వేల ఆరు వందలు. ఇవాళ్టి ధరకి ముప్ఫై రెండు గ్రాముల గొలుసు మూడు లక్షల అరవై ఎనిమిది వేలు. అంటే డెబ్భై ఎనిమిది వేలు పెరిగింది. ఆయన తీసివేత రెండుసార్లు చేసి, కూపన్ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఎంతండీ?" అంది పెద్దమ్మ, తెలిసి కూడా.

"అమ్మేటప్పుడు కొంత పోతుంది."

"ఎంతండీ?"

"ఇవాళ్టికి నువ్వు గెలిచావు. వడ్డీలు పెరగనీ చెప్తాను."

"అదీ నిజమే పెద్దమ్మా" అన్నాను. "పెదనాన్న పదికి పన్నెండు అనగానే నా ఆవకాయ రెండు వేల నుంచి ఐదు వందలకి పడిపోయింది."

ఇద్దరూ నా వైపు చూశారు. బహుశా అంత పొడుగు వాక్యం నా నోట్లోంచి వినడం అదే మొదటిసారి. పెదనాన్న ముఖం వెలిగిపోయింది. "విన్నావా? విన్నావా మేబెల్?" అని గొలుసుని పెద్దమ్మ మెళ్ళో ఆయనే వేశారు, చింతపండుతో సహా. "రేపే లాకర్లో పెడదాం. మన వంటింట్లో మాత్రం ఇంకేం దాచకు, నేను ఏది ఎప్పుడు ఎవరికి ఇచ్చేస్తానో నాకే తెలియదు."

జాడీకి ఆషర్ అంకుల్ ఐదు వందల యాభై, చింతపండుకి నేను మూడు వందలు కట్టాం. సంఘానికి నష్టం లేదు. చింతపండుని న్యూస్‌పేపర్లో పొట్లం కట్టుకున్నాను. ఆవకాయ నాదే. కూపన్లు ఇంకా యాభై మిగిలాయి.

సైలస్ అన్న పెదనాన్న పక్కన చేరాడు. "అన్నా, ఒక్క మాట. నాలుగు వేల కూపన్లు దాచిండ్రు జనం. క్రిస్మస్‌కు ఎనిమిది వందలు ఎక్కువ ఇయ్యాలె. ఆ ఎనిమిది వందలు యాడికెల్లి తేవాలె?"

పెదనాన్న ప్రహరీగోడ వైపు చూశారు. సగం కట్టిన గోడ.

సైలస్ అన్న ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. ఆయన చూపు పెదనాన్న చంకలోని గులాబీ కట్ట మీద ఆగింది. "పరేషాన్ గాకన్నా! కాగితం ఇంకా మస్తున్నది!"

అది వినగానే నేను పరుగు తీశాను. జనాన్ని తోసుకుంటూ, చున్నీ ఎగిరిపోతుంటే పట్టుకుంటూ. విమలమ్మగారు అప్పటికే గేటు దగ్గర ఆటో ఎక్కుతోంది.

"విమలమ్మగారూ!" గట్టిగా పిలిచాను. మైకు లేకుండానే. "వచ్చే వేసవి ఆవకాయ నాకే ఇవ్వాలి! ఇప్పుడే కట్టేస్తాను!"

యాభై కూపన్లు ఆమె ముందు పెట్టాను. ఆమె వాటిని తాకనైనా తాకలేదు.

"ఈ కాగితాలు నేనేం చేసుకోనే? ఆ పొట్లంలో ఏముంది?"

"చింతపండు."

"కొత్తదేనా?"

"కొత్తదే. మూడు కిలోలు."

"అది ఇటివ్వు" అని ఆటోలో పక్కకి జరిగి చోటిచ్చింది. "ఎక్కు. నీ ఆవకాయ ఎంత కారం కావాలో దారిలో చెప్పు."